తోర్‌పెకయ్ రాళ్లు

కరాచీ సర్కారీ ఆసుపత్రి, మూడో అంతస్తు.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు.
మా అబయ్ తోర్‌పెకయ్‌కి, దీర్ కొండల మనిషికి,
ముప్పై ఏళ్లలో వచ్చిన ఉర్దూ రెండే ముక్కలు:
"ఎంత?", "తగ్గించు".
మిగతా లోకానికంతటికీ నాయనమ్మ నోరు నేనే.

నొప్పి ఎక్కడని అడిగాడు కుర్ర డాక్టరు.
ఆమె చెప్పింది. చాలాసేపు చెప్పింది.
కుడి డొక్కలో, నెయ్యి తిన్న రాత్రి,
అందరూ నిద్రపోయాక
ఎవరో లోపలినుంచి తలుపు గడియ తీస్తున్నట్టు ఉంటుందని.
నేను "కడుపునొప్పి" అన్నాను.

డాక్టరు నవ్వాడు. చెడ్డవాడేం కాదు,
మందుల చీటీలో చవకవే రాశాడు.
నర్సు వైపు తిరిగి, ఆ కథ వినలేదా నువ్వు, అన్నాడు.
వెనకటికొక రాజు భాషలన్నీ పట్టుకురమ్మని
మంత్రిని దేశాల మీదికి పంపాడట.
ఏళ్లకి తిరిగొచ్చిన మంత్రి కొలువులో నిలబడి
ఒక్కొక్కటే మాట్లాడి చూపించాడట.
చివర ఒక్కటి మిగిలితే
కుండలో గులకరాళ్లు పోసి గలగలా ఆడించి
"పష్తో అంటే ఇదీ, ప్రభూ" అన్నాడట.
వార్డంతా నవ్వింది.
కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాడు కూడా నవ్వాడు.

ఆ కుండ నాకు కొత్త కాదు.
ఐదో తరగతి జాగ్రఫీ క్లాసులో ఒకసారి మోగింది,
సొహ్రాబ్ గోఠ్ బస్సులో ఎన్నిసార్లో లెక్కలేదు.
నరకంలో మాట్లాడుకునే భాష అదేనని
మసీదు మలుపులో అత్తరు అమ్మే ముసలాయన
ఎంతో దయగా, మెట్టుంది చూసుకో అన్నట్టు చెప్పాడు.
కాలేజీ ఫారంలో మాతృభాష అన్న గడిలో
నేను ఉర్దూ అని రాసేశాను.
పెన్ను ఆగలేదు.
అదే ఇప్పటికీ గుర్తు, ఆగలేదని.

"ఏమంటున్నాడే?" అంది అబయ్.
"తొందరగా నయమైపోతుందంటున్నాడు."
"దానికి ఇంతమంది నవ్వాలా?"

ఆపరేషనయ్యాక రాళ్లని కడిగి
ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతికిచ్చారు.
పచ్చగా, మసిబారిన శనగల్లా ఉన్నాయి.
ఆమె మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.
మళ్లీ ఆడించింది.
"ఇదిగో, మీ మంత్రిగారి కుండ."

తెలుసన్నమాట. నేను పుట్టకముందు నుంచే తెలుసు.

"వచ్చాడులే వాడు మా ఊరికి, నీళ్లు కరువైన ఏడు.
కాలవ గట్టున మగాళ్లు వంతుల కోసం అరుచుకుంటుంటే
రెండు నిమిషాలు విని, చాల్లే అనుకుని గుర్రమెక్కాడు.
వాగు దాకా రాలేదు.
మేమక్కడ కంబళ్లు ఉతుకుతూ
ఒకత్తె ఒక పాదం అంటే ఇంకొకత్తె రెండోది అందుకుని
మొగుడి మీదా చావు మీదా చెప్పుకుంటున్నాం.
చెప్పులు తడుస్తాయనుకున్నాడేమో పాపం."

మరి నరకం సంగతేంటి, అన్నాను.
కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది.
"మంచిదేగా. గడప దాటగానే ఎవరో ఒకరు
'స్తడె మషె' అంటారు, అలసిపోకు, అని.
నేను 'ఖ్వార్ మషె' అంటాను, నీకూ ఏ లోటూ రాకూడదని.
స్వర్గంలో అయితే నువ్వుండాలి మాట చేరెయ్యడానికి.
నువ్వేమో సగం మింగేస్తావు."

నేను మాట్లాడలేదు.
కిటికీ అవతల ఎవరో ట్యాంకరు నీళ్ల బేరం ఆడుతున్నారు.

ఇంటికెళ్లే ఆటోలో ప్రతి గుంతకీ డబ్బా మోగింది.
డ్రైవరు అద్దంలోంచి చూశాడు.
నేను డబ్బాని గుప్పిట్లో పెట్టి నొక్కేశాను.
ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది,
బటానీ కాయ ఒలిచినంత తీరిగ్గా.

తర్వాత దారంతా ఒకటే గొణుగుడు.
ఏడన్నారు, లెక్కపెడితే ఆరే ఉన్నాయి,
ఆ ఏడోది లోపలే ఉందా
లేకపోతే ఆ డాక్టరు ఉంచేసుకున్నాడా
వెళ్లి అడగమని.
సరిగ్గా, మొత్తం, అడగమని.